క్యూబెక్ పూర్వీకుల జాడ మధ్యలో తెగిపోతే

కెనడాలోని ఫ్రెంచి కాలపు చర్చి రిజిస్టర్లు చాలావరకు భద్రంగా ఉన్నాయి. వెతికేవాళ్లను తిప్పలు పెట్టేది పేర్లే.

సమస్య: తండ్రి ఇంటిపేరు రివార్, కొడుకుది లానూయెత్

వేరే కుటుంబమేమో అనుకుని చాలామంది ఇక్కడే వదిలేస్తారు. తొందరపడకండి.

కారణం: అక్కడ ఇంటిపేరు పక్కన ‘డి’ అని చేర్చి రెండో పేరు రాసేవారు. ‘అని పిలిచే’ అని దాని అర్థం. 1665లో ఫ్రాన్సు నుంచి వచ్చిన కరిన్యాన్-సాలియేర్ సైనిక పటాలంలో సుమారు 400 మంది అక్కడే ఉండిపోయారు. లాఫ్లర్ (పువ్వు), సాన్‌సూసి (చీకూచింతా లేనివాడు) వంటివి ఇలా సైనికులకు పడిన మారుపేర్లే. కొందరికి భూమిని బట్టి, పుట్టిన ఊరిని బట్టి పేరొచ్చింది. బాతిస్కాన్ ప్రాంతంలో స్థిరపడిన రివార్ సోదరుల సంతతే లావిన్య్, లానూయెత్, లొరాంజే కుటుంబాలుగా చీలింది. ఒక తల్లి బిడ్డల్లోనే ఒకరు పాత పేరు ఉంచుకుంటే, మరొకరు కొత్తది పట్టుకునేవారు.

పరిష్కారం: ఇంటిపేరుతో వెతకడం మానేసి, జంటతో వెతకండి. నా దృష్టిలో ఇంతకు మించిన ఉపాయం లేదు. భర్త పేరు ఎన్ని వేషాలు వేసినా, భార్య మాత్రం చర్చిలోనూ నోటరీ దగ్గరా పుట్టింటి పేరుతోనే కనిపిస్తుంది. ఐదుగురు పిల్లలను కన్నా, చివరికి సమాధి చేసినా అదే పేరు. కాబట్టి తండ్రి సొంత పేరు, తల్లి పూర్తి పేరు కలిపి చూడండి. పెళ్లి నమోదులో మామూలుగా ఇరువైపుల తల్లిదండ్రులూ, వాళ్ల ఊళ్లూ ఉంటాయి. మారుమనువైతే తరచుగా చనిపోయిన భర్త పేరే రాసి సరిపెట్టేవారు. అప్పుడు మొదటి పెళ్లి నమోదును పట్టుకోవాలి. చాలా జంటలు పెళ్లికి ముందు నోటరీ దగ్గర ఒప్పందం కూడా రాసుకునేవి. దానికి సాక్షులుగా వచ్చిన బంధువుల జాబితా బంగారు గని. మాంట్రియల్ విశ్వవిద్యాలయం వారి జనాభా చరిత్ర డేటాబేసు ఈ నమోదులను కుటుంబాల వారీగా కూర్చి పెట్టింది.

సమస్య: పిల్లవాడు పుట్టకముందే చనిపోయాడు!

జ్ఞానస్నానం ఆగస్టు 20న, ఖననం అదే ఏడు జూలైలో అని సూచికలో ఉంటుంది. అసలు పేజీ తెరవండి. నెల పేరున్న చోట 7 అంకె, దాని వెనక చిన్నగా ‘బ్ర్’ కనిపిస్తుంది. లాటిన్‌లో ఏడును సెప్టెమ్ అంటారు కనుక అది సెప్టెంబరు. అలాగే 8 అక్టోబరు, 9 నవంబరు. ఎక్స్ అక్షరం డిసెంబరు.

సమస్య: ఒకే ఇంట్లో ‘మరీ’ అనే పేరుతో ముగ్గురు

బిడ్డ పోతే ఆ పేరే తరువాతి బిడ్డకు పెట్టేవారు. జ్ఞాన తల్లిదండ్రుల (జ్ఞానస్నానంలో బిడ్డకు పూచీగా నిలిచేవారి) పేర్లూ వచ్చి చేరేవి. ఖననాలు, జ్ఞాన తల్లిదండ్రులు సరిచూస్తే చిక్కు విడిపోతుంది.

సమస్య: అమెరికా సరిహద్దు దాటగానే మాయం

1840-1930 మధ్య సుమారు 9 లక్షల మంది క్యూబెక్ నుంచి అమెరికాకు వెళ్లారు, ఎక్కువగా న్యూ ఇంగ్లండ్ మిల్లులకు. అక్కడ ఇంటిపేర్లు ఇంగ్లీషులోకి మారాయి: బోయ్‌వేర్ గ్రీన్‌వుడ్ అయ్యాడు, రువా కింగ్ అయ్యాడు, లాజునెస్ యంగ్ అయ్యాడు. జనగణన పత్రాలతో కుస్తీ పట్టకుండా, ఆ ఊళ్లోని ఫ్రెంచి కతోలిక చర్చి పెళ్లి నమోదు తీయండి.

సమస్య: అకాడియా కుటుంబం, రిజిస్టరే లేదు

అకాడియా అంటే కెనడా తూర్పు తీరంలోని పాత ఫ్రెంచి వలస ప్రాంతం. అక్కడివాళ్లను బ్రిటిష్ వారు వెళ్లగొట్టినప్పుడు, 1755లో మొదలైన ఆ బహిష్కరణలో అనేక రిజిస్టర్లు పోయాయి. రెండు దారులున్నాయి. మొదటిది, మేనరికాలకు అలవాటు పడిన మనకు వింతగా తోచినా, అక్కడ నాలుగో తరం బంధువులను చేసుకోవాలన్నా చర్చి మినహాయింపు కావాలి. పెళ్లి నమోదులో ‘నాలుగో అంతరం’ అని ఉంటే ఆ ఇద్దరికీ ముత్తాత తల్లిదండ్రులో, ముత్తవ్వ తల్లిదండ్రులో ఒకరేనన్నమాట. రెండోది, ఫ్రాన్సులోని బెల్-ఈల్ ద్వీపంలో స్థిరపడిన అకాడియన్లు 1767లో ప్రమాణం చేసి చెప్పిన వంశావళులు. ఎవరి బిడ్డ ఎవరు, ఎవరిని ఎక్కడ పెళ్లాడారు అన్నది అకాడియాలోని పోర్-రోయాల్ ఊరి తొలి తరాల దాకా వాటిలో ఉంది.