పదో తరగతి ఆగిపోయిందా? పుస్తకాల కంటే ముందు కాగితాలు చూసుకోండి

2004 మార్చిలో పదో తరగతి రాశాను. అప్పుడు 11 పేపర్లు ఉండేవి. లెక్కల రెండు పేపర్లూ కలిపి 35 రావాలి, నాకు 23 వచ్చాయి. సప్లిమెంటరీకి ఫీజు కట్టాను గానీ రాయడానికి వెళ్లలేదు, అప్పటికే మెట్‌పల్లిలో ఒక హార్డ్‌వేర్ కొట్టులో కుదిరిపోయాను. పద్దెనిమిదేళ్ల తర్వాత దుబాయ్‌లో ఉన్న మా బావ ఫోన్ చేసి స్టోర్‌కీపర్ పని ఉంది, పాస్‌పోర్ట్ ఫొటో పంపించు అన్నాడు. పంపిస్తే చూసి, ఇది ఈసీఆర్ కదా అన్నాడు. పది పాస్ కానివాళ్ల పాస్‌పోర్ట్ మామూలుగా అలాగే ఉంటుంది, గల్ఫ్‌లో పనికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తెచ్చుకోవాలి. నట్టు ఏదో బోల్టు ఏదో కళ్లు మూసుకుని చెప్పగలను, కానీ చూపించడానికి కాగితం లేదు. అలా మళ్లీ మొదలైంది.

నేను చదివింది తెలంగాణ ఓపెన్ స్కూల్లో, అంటే రోజూ బడికి వెళ్లకుండా ఇంటి దగ్గర చదువుకుని పరీక్ష రాసే పద్ధతి, కాబట్టి దాని గురించే ఎక్కువ చెబుతాను. ఏపీలో ఉన్నవాళ్లకి ఏపీ ఓపెన్ స్కూల్ ఉంది. 1991లో ఉమ్మడి రాష్ట్రంలో పెట్టిన సంస్థే తర్వాత రెండైంది, పద్ధతి దాదాపు ఒకటే. పదికి 14 ఏళ్లు నిండాలి, ఇంటర్‌కి 15. పై వయసుకి హద్దు లేదు. మా బ్యాచ్‌లో నాకంటే పెద్దవాళ్లు నలుగురున్నారు, వాళ్లలో ఒకాయన మనవడిని ఎత్తుకుని క్లాసుకి వచ్చేవాడు.

ముందు మీరు ఏ రకమో తేల్చుకోండి. పది పరీక్ష రాసి, ఈ మధ్యే ఒకటి రెండు సబ్జెక్టులు పోయినవాళ్లు మీ పాత బడికే వెళ్లి సప్లిమెంటరీ ఫీజు కట్టడం మేలు. అది దగ్గరి దారి. నాలాగా ఏళ్లు గడిచిపోతే సిలబస్ మారింది, పేపర్లు పదకొండు నుంచి ఆరయ్యాయి, పాత హాల్ టికెట్ నంబర్ పట్టుకుని తిరిగి లాభం లేదు, ఓపెన్ స్కూల్లో కొత్తగా చేరడమే. ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో మానేసినవాళ్లకి, అసలు బడి మొహమే చూడకుండా చదవడం రాయడం నేర్చుకున్నవాళ్లకి కూడా ఇదే దారి. ఓపెన్ స్కూల్ పదిలో ఐదు సబ్జెక్టులు. ఒకేసారి ఐదూ రాయక్కర్లేదు, ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలు ఉంటాయి, ఒక్కో సబ్జెక్టుకి 35 వస్తే చాలు. ఏడాదికి రెండుసార్లు పరీక్షలు. ఈసారి మూడు, వచ్చేసారి రెండు అనుకున్నా ఎవరూ ఏమనరు.

ఇక్కడే ఆగి కాగితాల సంగతి చూడాలి. ఎక్కువమంది ఇది వదిలేసి గైడ్లు కొనుక్కుంటారు. పదో తరగతి మెమో మీద పడే పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు మీ జీవితమంతా మీ వెంటే ఉంటాయి. పాస్‌పోర్ట్‌కీ, ఉద్యోగానికీ, పింఛనుకీ ఎవరైనా మొదట అడిగేది అదే. ఇప్పుడు మీ ఆధార్ తీసి చూడండి. పుట్టిన తేదీ జనవరి 1 అని ఉందా? ఆధార్ తీసిన రోజు వయసు మాత్రమే చెబితే అలాగే పడుతుంది. బడి రికార్డులో జూన్ అని ఉందా? అది హెడ్‌మాస్టర్ పుణ్యం. మా వీధిలో సగం మంది కాగితాల ప్రకారం జూన్‌లోనే పుట్టారు, బడులు తెరిచే నెల కదా మరి. ఈ రెండూ ఒకటి కాకపోతే అడ్మిషన్ అప్లికేషన్ నింపకముందే సరిచేసుకోండి. ఆధార్‌లో పుట్టిన తేదీ మార్చుకోవడానికి మామూలుగా ఒక్కసారే అవకాశం, పేరుకి రెండుసార్లు. అందుకని తొందరపడి మీసేవలో కూర్చోకుండా, ఏ తేదీకి ఆధారం ఉందో, ఏ కాగితం మీద ముద్ర ఉందో చూసుకుని అప్పుడు వెళ్లండి.

ఆడవాళ్లకి ఇంకో చిక్కు. మా అక్క తొమ్మిదిలో మానేసింది, రికార్డులో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తగారింటిది, బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరే లేదు. ఎవరికి తోచింది వాళ్లు రాశారు. తను చదివిన బడికి వెళ్లి టీసీ అడిగితే మొదట పాత రిజిస్టర్లు లేవన్నారు, మూడోసారి వెళ్తే బీరువా వెనక దొరికాయి. కాబట్టి లేవంటే నమ్మేసి వచ్చేయకండి. ఏ ఏడాదిలో ఏ తరగతిలో మానేశారో, అప్పటి హెడ్‌మాస్టర్ ఎవరో రాసుకుని వెళ్లి, వెతికే మనిషి పక్కనే కూర్చోండి. ఐదో తరగతి లోపే ఆపేసినవాళ్లు ప్రైమరీ స్కూల్లో రికార్డు షీట్ అడగాలి, దాన్ని టీసీ అంటే వాళ్లకి ఒక్కోసారి అర్థం కాదు. ఏ బడి కాగితమూ లేకపోతే పుట్టిన తేదీ సర్టిఫికెట్, మీ సొంత డిక్లరేషన్ మీద చేర్చుకునే పద్ధతి ఉంది. అక్కకి పెళ్లికి ముందు ఇంటిపేరే ఉంచాం, ఆధార్‌ని దానికి తగ్గట్టు మార్చాం. రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ అక్కవాళ్లాయన, ఈ వయసులో ఇవన్నీ దేనికే అంటూనే స్కూటర్ మీద తిప్పాడు.

చేరే చోటు చాలావరకు మీ మండలంలోని జిల్లా పరిషత్ హైస్కూలే, దాన్నే స్టడీ సెంటర్ అంటారు. నోటిఫికేషన్ మామూలుగా వానలు పడే రోజుల్లో వస్తుంది, గడువు దాటితే అపరాధ రుసుముతో ఇంకొన్నాళ్లు తీసుకుంటారు. నోటిఫికేషన్‌లో ఉన్న ఫీజు ఎంతో ముందే చూసుకుని వెళ్లండి. నేను మొదట వెళ్లిన ఒక సెంటర్‌లో దానికి రెట్టింపు అడిగి, పరీక్ష రోజు మేం చూసుకుంటాం, మీరు ఊరికే వచ్చి కూర్చోండి చాలు అన్నారు. లేచి వచ్చేసి పక్క మండలంలో చేరాను. నీతి కోసం అని గొప్పలు చెప్పను. స్లిప్పులతో దొరికితే మాల్‌ప్రాక్టీస్ కింద బుక్ చేస్తారు, తెచ్చుకున్న సబ్జెక్టులు కూడా పోతాయేమో అని భయం. ఇక గోడల మీద కనిపించే ‘టెన్త్ ఫెయిలా? వన్ సిటింగ్‌లో ఇంటర్, డిగ్రీ’ పోస్టర్ల జోలికి అసలు పోకండి. పేరు ఎప్పుడూ వినని ఏదో బోర్డు సర్టిఫికెట్ చేతిలో పెడతారు, డబ్బులు పోతాయి, వెరిఫికేషన్‌లో పట్టుబడితే కేసు కూడా.

సొంత రాష్ట్రంలో లేనివాళ్లకి ఎన్‌ఐఓఎస్ అనే జాతీయ ఓపెన్ స్కూల్ ఉంది, కేంద్రానిది, 1989లో మొదలైంది. భివండీ మగ్గాల దగ్గరో, సూరత్‌లోనో ఉంటే అదే వీలు. పదో తరగతి తెలుగు మీడియంలో కూడా రాయొచ్చు. గల్ఫ్‌లో కూడా వాళ్ల సెంటర్లు ఉన్నాయి. ఎన్‌ఐఓఎస్‌లో పాస్ మార్కు 33. కాకపోతే అసైన్‌మెంట్లకి 20 శాతం వెయిటేజీ ఉంటుంది, గడువులోపు ఇవ్వకపోతే ఆ మార్కులు గోవిందా. వేరే బోర్డులో పాసైన సబ్జెక్టులు రెండింటి వరకు కలుపుకునే వీలు కూడా ఉంది, ఈ మధ్య ఫెయిలైన పిల్లలకి పనికొస్తుంది. నా 2004 మెమో చూపిస్తే మాత్రం ఎవరూ కలపలేదు.

సబ్జెక్టులు ఎంచుకునేటప్పుడు లెక్కలు వదిలేయొచ్చు కదా అని అందరూ అడుగుతారు. ఓపెన్ స్కూల్లో అర్థశాస్త్రం, గృహవిజ్ఞానం లాంటివి ఉంటాయి, వాటితో లెక్కలు తప్పించుకుని పాసైనవాళ్లు బోలెడుమంది. మీకు కావలసింది పాస్‌పోర్ట్ ఒక్కటే అయితే తప్పించుకోండి, నేను తప్పు పట్టను. కానీ ముందు ఏం చేయాలనుకుంటున్నారో ఒకసారి చూసుకోండి. పాలిటెక్నిక్‌కి పాలీసెట్ రాయాలంటే పదిలో లెక్కలు ఉండాలి. మా అక్క కన్ను పోస్టాఫీసులో గ్రామీణ డాక్ సేవక్ పని మీద ఉంది. దానికి వయసు మామూలుగా 18 నుంచి 40, రిజర్వేషన్ ఉన్నవాళ్లకి సడలింపు. పదిలో లెక్కలు, ఇంగ్లిష్ పాసై ఉండాలి, స్థానిక భాష చదివి ఉండాలి, సైకిల్ తొక్కడం కూడా రావాలి. రాత పరీక్ష లేదు, పది మార్కులతోనే మెరిట్ కడతారు. అంటే అక్కకి 35 సరిపోదు. అందుకే తను మూడేసి సబ్జెక్టులు కాకుండా రెండేసి తీసుకుని మార్కుల కోసం చదివింది. ముందే తెలియకపోతే ఐదూ ఒకేసారి రాసి 38లతో బయటపడేది.

లెక్కల గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే నన్ను ఇరవయ్యేళ్లు ఆపింది అదే. కొట్టులో ఎవరైనా 8 ఎంఎం ఇనుప కడ్డీ బరువు అడిగితే, ఎనిమిది ఎనిమిదుల అరవైనాలుగుని 162తో భాగిస్తే మీటరు బరువు వస్తుంది, దాన్ని కడ్డీ పొడవు 12 మీటర్లతో హెచ్చిస్తే నాలుగు కిలోల ముప్పావుకి కాస్త తక్కువ అని నోటితో చెప్పేస్తాను. 10 ఎంఎం అయినా 16 ఎంఎం అయినా అదే లెక్క. పుస్తకంలో ఎక్స్ వై అని రాసి భయపెట్టింది ఇదేనని నాకు ముప్పై ఐదేళ్లకి తెలిసింది. సూత్‌లు కూడా అంతే, ఎనిమిది సూత్‌లు ఒక అంగుళం, నాలుగు సూత్‌లు అర అంగుళం, ఇవి భిన్నాలే కదా. మీరు చేసే పనిలో ఎక్కడో ఒకచోట లెక్క ఉంటుంది, టైలరింగ్‌లో, చిట్టీల్లో, పురుగుమందు కలపడంలో. అక్కడి నుంచి మొదలుపెట్టండి. నేరుగా పది పుస్తకం తెరవకండి. ఆరు, ఏడు తరగతుల పుస్తకాలు ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకుని భిన్నాలు, శాతాలు, ప్లస్ మైనస్ గుర్తులు నెలరోజులు చేయండి. నేను ఫెయిలైంది పదో తరగతి లెక్కల్లో కాదు, ఏడో తరగతి లెక్కల్లో. అది మా అమ్మాయి చెప్పింది, తను అప్పుడు ఎనిమిది చదువుతోంది. చెబుతూ చెబుతూ విసుక్కునేది కూడా, ఎన్నిసార్లు చెప్పాలి డాడీ అని. విసుక్కోనివ్వండి, ట్యూషన్ ఫీజు మిగులుతుంది.

చదివింది గుర్తుండదేమో అని టెన్షన్ పడతారు గానీ అసలు ఇబ్బంది చేతితో. బిల్లు పుస్తకం మీద రెండు ముక్కలు తప్ప పెన్ను పట్టి ఎన్నేళ్లయిందో ఆలోచించండి. నేను మొదటిసారి పాత ప్రశ్నపత్రం పెట్టుకుని రాయడానికి కూర్చుంటే అరగంటకి బొటనవేలు మొద్దుబారింది, పరీక్ష మూడు గంటలు. అప్పటి నుంచి రోజూ పొద్దున కొట్టు తీసేలోపు పేపర్లో ఒక వార్త చూసి రాసేవాణ్ని. మొదట ఒక పేజీ, నెల తర్వాత మూడు. ఒత్తులు ఎక్కడ పెట్టాలో కూడా మర్చిపోయానని అప్పుడే తెలిసింది. సోషల్, సైన్స్ చదవడం కూడా ఇలాగే చేశాను, పాత ప్రశ్నపత్రాలు తీసుకుని ప్రతి ప్రశ్నకీ జవాబు రాసి చూసుకోవడం. పుస్తకం పట్టుకుని కూర్చుంటే మనకి నిద్ర వస్తుంది, దాచుకోవడానికేముంది. ఇంకొకటి, నలభై దగ్గరపడితే చత్వారం చూపించుకోండి. చిన్న అక్షరాలు అలుక్కుపోయినట్టు కనబడితే చదువు ఎక్కట్లేదనుకుని మానేసినాయన ఒకాయన నాకు తెలుసు, తర్వాత కళ్లజోడు పెట్టుకుంటే అంతా బాగానే ఉంది.

స్టడీ సెంటర్‌లో పాఠాలు చెప్పే కాంటాక్ట్ క్లాసులు ఆదివారాలు, సెలవు రోజుల్లో పెడతారు. అన్ని చోట్లా బాగా జరుగుతాయని చెప్పలేను, కొన్నిచోట్ల హాజరు వేసి పంపించేస్తారు. అయినా వెళ్లండి. పరీక్ష ఫీజు గడువు, హాల్ టికెట్ ఎప్పుడు వచ్చింది లాంటివి అక్కడే తెలుస్తాయి, గడువు తెలియక ఏడాది పోగొట్టుకున్నవాళ్లని చూశాను. పనిచేసే చోట కూడా ముందే చెప్పి పెట్టుకోండి. మా సేటుకి రెండు నెలల ముందే పరీక్ష తేదీలు రాసిచ్చాను. పెళ్లిళ్ల సీజన్‌రా అని గొణిగాడు గానీ ఆ రోజులకి తన తమ్ముడిని కూర్చోబెట్టాడు. వీధిలో వాళ్లకి మాత్రం ఫలితాలు వచ్చేదాకా చెప్పలేదు.

పది అయ్యాక ఇంటర్ కూడా ఓపెన్‌లోనే చేయొచ్చు. లేదంటే ఇంటర్ బోర్డుకే కాలేజీకి వెళ్లకుండా హాజరు మినహాయింపు ఫీజు కట్టి ప్రైవేటుగా రాయొచ్చు. అది సీఈసీ, హెచ్‌ఈసీ లాంటి ఆర్ట్స్ గ్రూపులకే, ప్రాక్టికల్స్ ఉన్న సైన్స్ గ్రూపులకి కుదరదు. ఇంటర్ లేకుండా అర్హత పరీక్ష రాసి నేరుగా ఓపెన్ డిగ్రీలో చేరొచ్చని పెద్దవాళ్లు ఇంకా చెబుతుంటారు. 1982లో మొదలైన అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో ఒకప్పుడు అలా చేరినవాళ్లు చాలామంది ఉన్నారు. కానీ 10+2+3 వరుస అడిగే చోట అలాంటి డిగ్రీ పట్టుకుని ఇబ్బంది పడ్డవాళ్లూ ఉన్నారు. మీరు ఇంటర్ చేసుకునే వెళ్లండి.

నాకు లెక్కల్లో 61 వచ్చాయి. మెమో ఇచ్చేటప్పుడు సంతకం పెట్టేముందే అక్కడే నిలబడి పేరులో ప్రతి అక్షరం, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిచూసుకోండి, తప్పుంటే ఆ రోజే దరఖాస్తు ఇవ్వండి. ఎన్‌ఐఓఎస్‌లో చదివి ఇంకో బోర్డుకో యూనివర్సిటీకో వెళ్లేవాళ్లు మైగ్రేషన్ సర్టిఫికెట్ కూడా అడిగి తీసుకోండి. తర్వాత సంతోషంలో ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపుకి వెళ్లి లామినేషన్ చేయించకండి. విదేశాలకి వెళ్లాలంటే అటెస్టేషన్ ముద్రలు సర్టిఫికెట్ వెనకే వేస్తారు, ప్లాస్టిక్ మీద పడవు. నేను చేయించేశాను. డూప్లికేట్ కోసం మళ్లీ అప్లికేషన్ పెట్టి తిరుగుతుంటే దుబాయ్ నుంచి బావ రోజూ ఫోన్.