డిస్క్ డిఫ్యూజన్‌లో జోన్లు తేడాగా వస్తున్నాయా?

బ్యాక్టీరియా పరచిన ప్లేటు మీద యాంటీబయాటిక్ డిస్కులు పెట్టి, డిస్కు చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయాన్ని (జోన్) కొలిచే పరీక్షే డిస్క్ డిఫ్యూజన్. జోన్ సైజు తేడాగా రాగానే చాలామంది డిస్కుల మీద పడతారు. ముందు చూడాల్సింది కంట్రోల్ స్ట్రెయిన్ (జోన్ ఎంత రావాలో ముందే తెలిసిన బ్యాక్టీరియా) ప్లేటు. అలాంటి స్ట్రెయినైన ఈ.కోలై ఏటీసీసీ 25922కి అన్ని మందులకూ తేడా వచ్చిందా, కొన్నిటికేనా, ఒక్కదానికేనా? సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

సమస్య: అన్ని జోన్లూ చిన్నవి

మొదటి అనుమానం ఇనాక్యులమ్ (ప్లేటు మీద పరిచే బ్యాక్టీరియా మోతాదు) మీదే. సస్పెన్షన్ (బ్యాక్టీరియా కలిపిన ద్రవం) 0.5 మెక్‌ఫార్లాండ్ (ద్రవం ఎంత మసగ్గా ఉండాలో చెప్పే స్టాండర్డ్) కంటే చిక్కగా ఉంటే జోన్లు కుంచించుకుపోతాయి. కంటితో పోల్చేవాళ్లు స్టాండర్డ్ ట్యూబును ముందు బాగా కలపాలి. బేరియం సల్ఫేట్ అడుగున పేరుకుని ఉంటే స్టాండర్డ్ పలచగా కనిపిస్తుంది, దానికి సరిపోయేలా చేసిన సస్పెన్షనూ పలచనై ఈసారి జోన్లు పెద్దవవుతాయి. స్వాబ్‌ను ట్యూబు గోడకు నొక్కి తిప్పి, అదనపు నీరు తీసేయండి. సస్పెన్షన్ చేశాక 15 నిమిషాల్లో ప్లేటు మీద పరచాలి. డిస్కులు పెట్టడానికీ, పెట్టాక ఇంక్యుబేటర్‌లోకి చేర్చడానికీ మళ్లీ అంతే గడువు. ఈలోగా ఫోన్ వస్తే ఎత్తకపోవడమే మంచిది.

అయినా మారకపోతే ప్లేటులోని మీడియం, అంటే మ్యూలర్-హింటన్ అగార్ మందం కొలవండి. 4 మిల్లీమీటర్లు ఉండాలి, అంటే 90 మిల్లీమీటర్ల ప్లేటుకు సుమారు 25 మిల్లీలీటర్లు. ఒకే ప్లేటులో ఒకవైపు మందంగా, ఇంకోవైపు పలచగా ఉంటే, పోసిన బల్ల సమంగా లేదన్నమాట.

సమస్య: కొన్ని మందులకే తేడా

జెంటామైసిన్, ఎరిత్రోమైసిన్ జోన్లు చిన్నవై, టెట్రాసైక్లిన్‌ది పెద్దదైతే మీడియం పీహెచ్ 7.2 కంటే తగ్గి ఉంటుంది. ప్లేట్లు కార్బన్ డయాక్సైడ్ ఉన్న ఇంక్యుబేటర్‌లోకి వెళ్లాయేమో చూడండి, మామూలు గాలే కావాలి. సూడోమోనాస్ బ్యాక్టీరియాకి అమైనోగ్లైకోసైడ్ల (జెంటామైసిన్ లాంటి మందుల) జోన్లు మాత్రమే తప్పితే అగార్‌లో కాల్షియం, మెగ్నీషియం తేడా. అగార్ లాట్ (ఒకే విడతలో తయారైన సరుకు) మార్చడమే దారి.

సమస్య: ఒక్క మందుకే జోన్ చిన్నది

డిస్క్ పాడైంది. ఫ్రిజ్‌లోంచి తీసిన డిస్కుల కార్ట్రిడ్జ్‌ను వెంటనే తెరిస్తే లోపల తేమ పడుతుంది, బీటా-లాక్టమ్‌లు (పెన్సిలిన్ తరహా మందులు) దానికి తట్టుకోలేవు. మూత తీయకుండా గంట, రెండు గంటలు బయట ఉంచాకే తెరవండి.

సమస్య: జోన్ లోపల కాలనీలు

చూసీచూడనట్టు వదిలేయొద్దు. కాలనీని తీసి సబ్‌కల్చర్ చేస్తే (విడిగా మళ్లీ పెంచితే) కంటామినేషనో కాదో తేలిపోతుంది. ప్యూర్ కల్చర్‌తో చేసినా మళ్లీ వస్తే అది రెసిస్టెంట్ (మందుకు లొంగని) గుంపు, కొలవాల్సింది కాలనీలు లేని లోపలి జోన్‌నే. ప్రోటియస్ బ్యాక్టీరియా పలచని తెరలా జోన్‌లోకి పాకితే మాత్రం దాన్ని లెక్కలోకి తీసుకోకుండా అసలు అంచే కొలవాలి.