స్పార్క్‌లింగ్ వైన్ రుచి చూడటం – 5వ పాఠం: బోలింజర్ శైలి

పోయిన పాఠం తర్వాత మీరు పంపిన నోట్స్‌లో ఒకే పొరపాటు మళ్లీ మళ్లీ కనిపించింది. గ్లాసులో కాల్చిన బ్రెడ్ వాసన తగలగానే ‘చెక్క పీపాలో పులియబెట్టారు’ అని రాసేశారు. ఇవాళ ద్రాక్ష రకాల గురించి వివరంగా చెప్పాలనుకున్నాను కానీ, ముందు ఈ చిక్కు విడిపోవాలి. లేకపోతే బోలింజర్ శైలి పట్టుబడదు.

ఫ్రాన్స్‌లోని షాంపేన్ ప్రాంతంలో, ఆయి అనే ఊళ్లో 1829లో మొదలైన షాంపేన్ వైన్ సంస్థ బోలింజర్. వీళ్లు ఏటా ఒకే తీరులో అందించే వైన్ పేరు స్పెషల్ క్యువే. అందులో ద్రాక్ష రకాలు 60 శాతం పినో న్వార్, 25 శాతం షార్డొనే, 15 శాతం మ్యూనియే. పినో న్వార్ అంత ఉంది కాబట్టే నోటికి నిండుగా తగులుతుంది. ద్రాక్ష సంగతి ఇవాళ్టికి ఇంతే.

ఇప్పుడు బ్రెడ్ వాసన. అది ముఖ్యంగా ఈస్ట్‌ది. షాంపేన్ మొదట ట్యాంకులోనో పీపాలోనో పులుస్తుంది, తర్వాత బుడగల కోసం సీసాలో మళ్లీ పులుస్తుంది. సీసాలో అలా రెండోసారి పులిశాక ఈస్ట్ చచ్చి అడుగుకు చేరుతుంది. నెలలు గడిచేకొద్దీ ఆ కణాలు విచ్చిపోయి, లోపలి పదార్థాలు వైన్‌లో కలుస్తాయి. బ్రెడ్, బిస్కెట్ వాసనలు అక్కడివే. మామూలు షాంపేన్‌ను సెల్లార్‌లో కనీసం 15 నెలలు ఉంచాలని నియమం. స్పెషల్ క్యువే అంతకు రెట్టింపు కన్నా ఎక్కువ కాలమే ఉంటుంది. 1941 నుంచి సంస్థను నడిపిన లిలీ బోలింజర్ ఇంకా ముందుకు వెళ్లి, 1952 పంట వైన్‌ను ఏళ్ల తరబడి ఈస్ట్ మీదే ఉంచి, 1967లో ఆర్.డి. (ఈస్ట్‌ను ఈమధ్యే తీసేసినది అని అర్థం) పేరుతో విడుదల చేశారు.

చెక్క తగలని షాంపేన్‌లోనూ ఈ వాసన వస్తుంది. రుయినార్ అనే ఇంకో షాంపేన్ సంస్థ వాళ్ల బ్లాన్ ద బ్లాన్ (తెల్ల ద్రాక్షతోనే చేసేది) మొదటిసారి పులిసేది స్టీల్ ట్యాంకుల్లో. డోమ్ పెరిన్యోన్ అనే షాంపేన్ కూడా అంతే. పైగా వాళ్లు గాలి తగలకుండా ఎంతో జాగ్రత్త పడతారు. అయినా దాంట్లో కాల్చిన వాసన స్పష్టంగా ఉంటుంది. దయచేసి ఇకమీదట టోస్ట్‌ను చూసి చెక్క అనకండి.

మరి చెక్క ఏం చేస్తుంది? కొత్త చెక్కయితే వెనిల్లా, లవంగం, కొబ్బరి వాసనలు ఇస్తుంది. బోలింజర్ వాడేవి పాత ఓక్ పీపాలు. వాటిని బాగుచేయడానికి సంస్థలోనే పనివాళ్లున్నారు. కొత్త కుండలో నీళ్లకు మట్టి వాసన వస్తుంది. వాడగా వాడగా ఆ వాసన పోతుంది కానీ కుండ చెమర్చడం మానదు. పాత పీపా కూడా అలాగే, తన వాసన ఇవ్వకుండా గాలిని మాత్రం కొద్దికొద్దిగా లోపలికి రానిస్తుంది. ఆ గాలి వల్ల కోసి ఉంచిన ఆపిల్ వాసన, వాల్‌నట్ వాసన వస్తాయి. బోలింజర్‌లో నేను ముందు వెతికేది ఆ ఆపిల్‌నే, బుడగల వంక చూడను. సన్నటి ఫ్లూట్ గ్లాసులో అది దొరకదు, వైట్ వైన్ గ్లాసు వాడండి.

రిజర్వ్ వైన్ (తర్వాత కలపడానికి దాచే పాత వైన్) దాచే పద్ధతి ఈ సంస్థలో నాకు అన్నిటికన్నా ఇష్టం. చాలామంది పాత సంవత్సరాల వైన్‌ను ట్యాంకుల్లో ఉంచుతారు. వీళ్లు ఊరు, రకం, సంవత్సరం వారీగా విడదీసి, కొంత వైన్‌ను మాగ్నమ్ సీసాల్లో (మామూలు సీసాకు రెట్టింపు పట్టేవి) కార్క్ బిగించి 5 నుంచి 15 ఏళ్లు దాచి, తర్వాత స్పెషల్ క్యువేలో కలుపుతారు. ఒక ఏడాది పంట బలహీనంగా ఉన్నా రుచి తప్పిపోకుండా కాపాడేది ఈ నిల్వే.

అభ్యాసానికి ఇప్పుడే సీసా కొనక్కర్లేదు. నాలుగు కప్పులు తీసుకోండి. ఒకదాంట్లో గోరువెచ్చటి నీళ్లలో కలిపిన ఈస్ట్, ఒకదాంట్లో వెనిల్లా ఎసెన్స్, ఇంకోదాంట్లో గంట కిందట కోసిన ఆపిల్, చివరిదాంట్లో నలిపిన వాల్‌నట్ వేయండి. కళ్లు మూసుకుని కూర్చోండి. ఇంట్లో ఎవరైనా కప్పులు మార్చి మార్చి ఇస్తుంటే ‘ఈస్ట్, చెక్క, గాలి’ అని మూలం చెప్పండి, వస్తువు పేరు కాదు. పొద్దున కాఫీకి ముందే చేయండి. వరసగా ఇరవై సార్లు తప్పు లేకుండా చెప్పేదాకా ఆపొద్దు.

ఆ తర్వాతే బోలింజర్ తెరవండి. పోసిన వెంటనే ఒకసారి, నలభై నిమిషాలకు ఇంకోసారి ఇవే మూడు గడుల్లో రాయండి. చెక్క గడిలో రాయాలనిపిస్తే వెనిల్లా, లవంగం, కొబ్బరిలో ఏది తగిలిందో పేరు పెట్టి రాయండి. పేరు పెట్టలేకపోతే ఆ గడి ఖాళీగానే పంపండి.