జీతం, లెవెల్, పెత్తనం - 4వ పాఠం: లెవెల్ పెరిగినా కుర్చీ మారదు

పోయిన పాఠంలో పే స్లిప్పులో బేసిక్ (మూల వేతనం) ఎక్కడుంటుందో, డీఏ (కరువు భత్యం) దేని మీద లెక్కేస్తారో చూశాం. ఈసారి పే మ్యాట్రిక్స్, అంటే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల జీతాల పట్టిక. బెంగళూరు మారతహళ్లి పీజీ హాస్టళ్లలో ఉండి ఎస్సెస్సీ (స్టాఫ్ సెలెక్షన్ కమిషన్) పరీక్షలకి చదివేవాళ్లు దీన్ని బట్టీ పట్టేస్తుంటారు గానీ, చూడటం వస్తే బట్టీ అక్కర్లేదు. కోరమంగళ కేంద్రీయ సదన్‌లోని కేంద్ర ఆఫీసులకైనా, ఇస్రోకైనా ఇదే పట్టిక. బీఈఎల్, హెచ్ఏఎల్ లాంటి ప్రభుత్వ రంగ సంస్థల స్కేళ్లు వేరు, వాటి జోలికి ఇప్పుడు పోవద్దు.

ఏడో వేతన సంఘం ఇచ్చిన ఈ పట్టిక 2016 జనవరి 1 నుంచి లెక్కలోకి వచ్చింది. అడ్డంగా లెవెళ్లు, నిలువుగా గళ్లు. 1వ లెవెల్ మొదటి గడి 18,000. 18వ లెవెల్‌లో ఉన్నది ఒక్కటే గడి, 2,50,000, క్యాబినెట్ సెక్రటరీ స్థాయిది. ఇంక్రిమెంట్ పడితే ఒక గడి కిందికి దిగుతారు (దిగితే జీతం పెరిగేది ఇక్కడే!).

పెన్ను తీసుకోండి. 6వ లెవెల్‌లో 35,400తో చేరినాయనకి పదేళ్లు ప్రమోషన్ రాలేదనుకుందాం. పది ఇంక్రిమెంట్లు పడితే 11వ గడి, 47,600. పదేళ్లకి ఎంఏసీపీ (ప్రమోషన్ రానివాళ్లకి పై లెవెల్ జీతం ఇచ్చే పథకం) ఇస్తారు, అప్పుడు ముందు అదే లెవెల్‌లో ఇంకో గడి దిగి 49,000 దగ్గర ఆగాలి, ఆ అంకె 7వ లెవెల్‌లో ఉందేమో వెతకాలి, లేకపోతే దాని తర్వాతి పెద్ద అంకె. ఇక్కడ ఉంది. కొత్త బేసిక్ 49,000.

చాలామంది బోల్తా పడేది దీని తర్వాతే. లెవెల్ 7 అయిందని ఇంట్లో స్వీట్లు పంచుతారు, మర్నాడు ఆఫీసుకెళ్తే అదే హోదా, అదే కుర్చీ, ఫైలు మీద చివరి సంతకం మళ్లీ పై అధికారిదే. ఎంఏసీపీ డబ్బిస్తుంది, పదవి ఇవ్వదు. ఎంత ఖర్చుకి ఎవరు ఓకే అనొచ్చో ఈ పట్టికలో ఉండదు, అది ఆర్థిక అధికారాల నియమాల్లో ఉంటుంది. ఐటీలోనూ అంతే. మేనేజర్‌తో సమానమైన లెవెల్‌లో ఉన్న సీనియర్ ఇంజనీరు మీ లీవు మంజూరు చేయలేకపోవచ్చు.

ఇక మాటల్లో ఈ 'లెవెల్' ఎలా వాడతారో చూద్దాం. హైక్ సంగతి అడిగితే టీమ్ లీడ్ "అది నా లెవెల్ కాదమ్మా, పైవాళ్లు చూసుకుంటారు" అంటారు. నిజమే కావచ్చు, తప్పించుకోవడమూ కావచ్చు. "మరి ఎవర్ని అడగమంటారండీ?" అనండి చాలు. పేరు చెబితే సరే, నసిగితే అర్థమైపోతుంది. మీరు మాత్రం 'నా లెవెల్ కాదు' అన్న మాట అనకండి, ఆ పని మీకు చిన్నతనం అన్నట్టు కూడా వినపడుతుంది. "అది నా చేతుల్లో లేదండీ, మేనేజర్ గారిని అడిగి సాయంత్రంలోగా చెప్తా" అంటే గొడవ లేదు. ఏ హోదా లేకుండానే అందరి మీదా పెత్తనం చేసేవాళ్లూ ఉంటారు. జీతం బత్తెం లేకుండా తోడేలు మేకల్ని కాస్తానందట, వాళ్ల దగ్గర కాస్త జాగ్రత్త.

అభ్యాసం: 4వ లెవెల్‌లో 25,500తో చేరినవారికి పదేళ్ల ఎంఏసీపీ తర్వాత బేసిక్ ఎంత? 35,900 రావాలి. 35,300 దగ్గరే ఆగిపోయారంటే 5వ లెవెల్ గళ్లు చూడలేదన్నమాట.