బంగినపల్లి, ఇంటి పనీర్, పెనం మీద కాల్చిన బ్రెడ్

మే నెలలో పొద్దున్న ఎనిమిదింటికే వంటింట్లో నిలబడలేం. అందుకే మా ఇంట్లో వారానికి రెండు మూడుసార్లు ఇదే టిఫిన్: కాల్చిన బ్రెడ్ మీద మెత్తటి పనీర్, దాని మీద మామిడిపండు ముక్కలు. పైన ఇంకో బ్రెడ్ పెట్టం. చేయడం తేలికే కానీ ఎక్కడ తడి మిగిలినా బ్రెడ్ నానిపోయి చేతిలోనే విరిగిపోతుంది, కాబట్టి నేను చెప్పేది చాలావరకు తడి గురించే.

పనీర్ ముందురోజు రాత్రే చేసిపెట్టుకుని ఫ్రిజ్‌లో ఉంచండి. ఫుల్ క్రీమ్ పాలే తీసుకోండి, వెన్న తక్కువున్న పాలతో పొడిపొడిగా వస్తుంది. లీటరు పాలు పొంగు రాగానే స్టవ్ ఆపేసి, ఒక్క నిమిషం ఆగి, రెండు టేబుల్ స్పూన్ల నిమ్మరసంలో అన్నే నీళ్లు కలిపి కొంచెం కొంచెంగా పోస్తూ గరిటెతో నెమ్మదిగా తిప్పండి. పాలు విరిగి నీళ్లు లేత ఆకుపచ్చగా తేటపడ్డాయంటే చాలు, నిమ్మరసం మిగిలినా ఇక పోయొద్దు, పోస్తే పనీర్ గట్టిపడి పులుపెక్కుతుంది. పల్చటి బట్టలో వడకట్టి, పైనుంచి చల్లటి నీళ్లు పోసి, మూటకట్టి అరగంట కుళాయికి వేలాడదీయండి. బరువు పెట్టొద్దు, మనకి కావాల్సింది ముక్కలు కోసే పనీర్ కాదు. తర్వాత పళ్లెంలో వేసి చిటికెడు ఉప్పు, ఒక స్పూను మీగడ కలిపి అరచేత్తో గట్టిగా రుద్దండి. మొదట పలుకులు తగులుతాయి, నాలుగైదు నిమిషాలకి అవి పోయి చేతికి సన్నగా వెన్నజిడ్డు అంటుతుంది. అప్పుడు ఆపేయండి. విరిగిన నీళ్లు పారబోయకుండా చపాతీ పిండిలో కలుపుకోండి.

పండు మాత్రం బంగినపల్లే. రసాలంటే నాకు ప్రాణం, కానీ వాటిని పిండుకుని జుర్రుకోవాలి, కోస్తే పీచూ రసమూ తప్ప ముక్క నిలవదు. తొడిమ దగ్గర వాసన వస్తూ, నొక్కితే కొంచెమే లోపలికి వెళ్లే పండు చూసుకోండి. అరగంట నీళ్లలో వేసి, తొడిమ దగ్గర కోసి, సొన కడిగేసి, చెక్కు తీసి సన్నగా పొడుగు ముక్కలు కోయండి. ఆ ముక్కల్ని ఒక నిమిషం పొడి బట్ట మీద పరచండి.

ఇక బ్రెడ్. పెనం మీద సన్న మంటన రెండు వైపులా కాల్చి, ఒక వైపే నెయ్యి రాయండి. పనీర్ పెట్టేది ఆ వైపే, తడి లోపలికి దిగకుండా నెయ్యి అడ్డుపడుతుంది. కాల్చిన ముక్కల్ని పళ్లెంలో పడుకోబెడితే కింద ఆవిరి పట్టి మెత్తబడతాయి, రెండేసి ఒకదానికొకటి ఆనించి గుడారంలా నిలబెట్టండి. చల్లారాక పనీర్ మందంగా రాసి, ముక్కలు పేర్చి, దంచిన మిరియాలు చల్లండి. ఉప్పు మాత్రం తినబోయే ముందే, ముందుగా వేస్తే పండు నీరు వదిలేస్తుంది.

పుచ్చకాయతో చేయొద్దు, అంతా నీరే. నల్ల ద్రాక్ష సగానికి కోసి పెనం మీద ఒక నిమిషం వెచ్చబెడితే చాలా బావుంటుంది. పనస తొనలు సన్నగా తరిగి వేసినా సరే, కానీ మిరియాలు మాని కొంచెం వేయించిన జీలకర్ర పొడి చల్లి చూడండి.