మడమ నొప్పి తగ్గిన తీరు: నా అనుభవం

ఉదయం మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమ అడుగున మేకు దిగినట్లు నొప్పి, కాస్త నడిచాక సర్దుకోవడం, తరగతిలో ఎక్కువసేపు నిలబడితే సాయంత్రానికి మళ్లీ మొదలవడం: ఈ లక్షణాలు వినగానే ఎముకల వైద్యుడు దీన్ని ప్లాంటార్ ఫేషియైటిస్ అన్నారు. మడమ ఎముక నుంచి వేళ్ల మొదళ్ల దాకా ఉండే దళసరి పొర రాత్రంతా బిగుసుకుని, పొద్దున ఒక్కసారిగా సాగడం వల్ల ఆ నొప్పి వస్తుంది. ఎక్స్‌రేలో ఎముక ముల్లు (మడమ ఎముక నుంచి ముల్లులా పెరిగిన భాగం) కనిపించింది కానీ, నొప్పి లేనివారిలోనూ అది ఉంటుంది కనుక కంగారు అక్కరలేదన్నారు.

బూట్లు కొనేటప్పుడు మెత్తదనం ఒక్కటే చూస్తే చాలదు. జోడును చేత్తో వంచితే వేళ్ల దగ్గరే వంగాలి, నడుమ మడతపడకూడదు. బూటులో మడమను పట్టి ఉంచే వెనుక భాగాన్ని బొటనవేలితో నొక్కితే కుంగకూడదు. పాదాలు సాయంత్రానికి కొద్దిగా ఉబ్బుతాయి కాబట్టి ఆ వేళలోనే కొన్నాను. మన ఇళ్లలో చెప్పులు గుమ్మం దగ్గరే విడుస్తాం గనుక, గ్రానైట్ నేల మీద తిరగడానికి ఇంట్లో మాత్రమే వాడే మరో జత పెట్టుకున్నాను; నిజానికి ఎక్కువ మేలు చేసింది ఇదేనేమో.

మంచం దిగకముందే కాలివేళ్లను చేత్తో వెనక్కి లాగి 10 సెకన్లు పట్టి ఉంచడం, గోడకు చేతులు ఆనించి పిక్కలు సాగదీయడం మానలేదు. నొప్పి పూర్తిగా తగ్గడానికి నెలలు పట్టింది. మధుమేహంతో పాదాల్లో స్పర్శ తగ్గినవారు మాత్రం ముందుగా వైద్యుడికి చూపించుకోవాలి.