బ్రహ్మోత్సవాల రద్దీకి ముందు: సర్వర్‌లో రెండర్ అయ్యే వెబ్ కాంపోనెంట్లకు జాగ్రత్తలు

తిరుపతిలో లాడ్జీలకు, ట్యాక్సీలకు సైట్లు చేసేవాళ్లు కొత్త వెర్షన్ ఎక్కించే ముందు ఇవి చూసుకోండి. వెబ్ కాంపోనెంట్లంటే మళ్లీ మళ్లీ వాడుకునేలా మనమే చేసుకున్న ట్యాగులు; వాటి హెచ్‌టీఎంఎల్‌ను బ్రౌజర్‌కు పంపే ముందే సర్వర్‌లో తయారు చేయడమే సర్వర్ రెండరింగ్.

• కన్‌స్ట్రక్టర్‌లో, రెండర్‌లో విండో, డాక్యుమెంట్, లోకల్ స్టోరేజ్ వాడారా? సర్వర్‌లో అవి ఉండవు. ఒక చిన్న బటన్ కాంపోనెంట్ వల్ల పేజీ మొత్తం తెరుచుకోకుండా పోవచ్చు. బ్రౌజర్‌లో మాత్రమే టెస్ట్ చేస్తే ఇది బయటపడదు, ప్రొడక్షన్ బిల్డ్ నడిపి చూడాల్సిందే.

• షాడో రూట్ (కాంపోనెంట్ లోపలి భాగాలను మిగతా పేజీ నుంచి వేరుగా ఉంచే చోటు) లోపలి ఇన్‌పుట్ బయటి ఫారంతో పాటు వెళ్లదు. రూమ్ బుకింగ్ వస్తుంది, ఫోన్ నంబర్ రాదు. భక్తులు అర్ధరాత్రి బస్టాండులో దిగి ఎదురుచూస్తారు కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. కాంపోనెంటును ఫారంతో కలిపే బ్రౌజర్ సదుపాయం ఎలిమెంట్ ఇంటర్నల్స్‌తో విలువను ఫారానికి అందించండి.

• సర్వర్ టైమ్ యూటీసీలో ఉంటే మనకన్నా 5:30 గంటలు వెనక. తెల్లవారుజామున 4కి చూసేవాళ్లకి నిన్నటి తేదీ కనిపిస్తుంది, హైడ్రేషన్ (సర్వర్ పంపిన పేజీకి బ్రౌజర్‌లో స్క్రిప్ట్ జతకావడం) కూడా తేడా కొట్టొచ్చు. టైమ్‌జోన్ 'ఆసియా/కోల్‌కతా' అని కోడ్‌లోనే పెట్టండి.

• షాడోరూట్‌మోడ్ (షాడో రూట్‌ను స్క్రిప్ట్ లేకుండా హెచ్‌టీఎంఎల్‌లోనే రాసే, అంటే డిక్లరేటివ్ షాడో రూట్‌కి వాడే యాట్రిబ్యూట్) ఫైర్‌ఫాక్స్‌లో 123 (2024) నుంచి, సఫారీలో 16.4 (2023) నుంచే ఉంది. పాత ఫోన్ల కోసం పాలీఫిల్ (బ్రౌజర్‌లో లేని సదుపాయాన్ని భర్తీ చేసే స్క్రిప్ట్) ఉంచండి.

• ఇన్నర్ హెచ్‌టీఎంఎల్‌తో చేర్చిన ముక్కలో డిక్లరేటివ్ షాడో రూట్ ఏర్పడదు.